పనితో పాటు పెత్తనమూ ఇవ్వండి

ప్రపంచ కప్‌కు వాలంటీర్లు కావాలంటే లక్షల మంది ముందుకొచ్చిన దోహాలో, తెలుగువాళ్ల సేవా కార్యక్రమాలకు పాతికేళ్ల కుర్రాళ్లు ఎందుకు దొరకడం లేదు?

2022 మార్చిలో ఖతార్ ఒక ప్రకటన చేసింది. నవంబరులో మొదలయ్యే ప్రపంచ కప్ ఫుట్‌బాల్ పోటీలకు 20 వేల మంది వాలంటీర్లు కావాలి. జీతం ఉండదు. కనీసం పది షిఫ్టులు చేయాలి. అనుభవం లేకపోయినా ఫర్వాలేదు. అక్టోబరు 1 నాటికి పద్దెనిమిదేళ్లు నిండి, ఇంగ్లిష్ మాట్లాడగలిగితే చాలు. దీనికి ప్రపంచం నలుమూలల నుంచి వచ్చిన దరఖాస్తులు 4 లక్షల పైచిలుకు. ఒక్కో స్థానానికి ఇరవై మంది పోటీపడ్డారన్నమాట. చివరికి ఎంపికైనవారిలో దాదాపు 17 వేల మంది ఖతార్‌లో ఉంటున్నవాళ్లే. వాళ్లలో భారతీయుల వాటా చాలా పెద్దది. మన పిల్లలూ ఉన్నారు.

అదే దోహా నగరంలో తెలుగువాళ్లు నలుగురు కలిసి రక్తదాన శిబిరమో, వైద్య శిబిరమో పెట్టాలనుకుంటే మొదట వినిపించే మాట, ‘యూత్ ఎవరూ రావడం లేదండీ’. ఇది దోహాలో ఒక్కచోటే కాదు, డాలస్‌లోనూ సింగపూర్‌లోనూ, మన హైదరాబాద్ కాలనీ సంక్షేమ సంఘంలోనూ వినిపించేదే. బ్యానరు కట్టేదీ, భోజనాలకు ఆర్డరు ఇచ్చేదీ, చివర్లో కుర్చీలు సర్దేదీ ఎప్పుడూ ఆ పదిమందే. వాళ్లందరికీ నలభై దాటి ఉంటాయి. ఆఫీసు, ఇల్లు, పిల్లల చదువులు చూసుకుంటూ ఏళ్ల తరబడి సంఘాలను మోస్తున్నవాళ్లు వాళ్లు. వాళ్ల అలసటలో నిజం ఉంది. వాళ్లు చెప్పే కారణంలో మాత్రం లేదు. సెల్‌ఫోన్లకు అతుక్కుపోయిన తరానికి సేవ అంటే పట్టదని తేల్చేస్తే, 4 లక్షల దరఖాస్తులకు సమాధానం చెప్పుకోవాలి.

‘అది ఫుట్‌బాల్ మోజు’ అనొచ్చు. కొంత నిజమే. మెస్సీ ఆడే స్టేడియంలో పనిచేశానని చెప్పుకోవాలని ఎవరికి ఉండదు? కానీ ఆ 20 వేల మందిలో ఎంతోమంది ఒక్క మ్యాచ్ కూడా చూడలేదు. విమానాశ్రయంలో, మెట్రో స్టేషన్ల దగ్గర, హోటళ్లలో, పార్కింగ్ స్థలాల్లో, శిక్షణ మైదానాల్లో గంటల తరబడి నిలబడ్డారు. స్టేడియం లోపల డ్యూటీ పడినవాళ్లు కూడా ఆటకు వీపు పెట్టి ప్రేక్షకులను చూస్తూ నిలబడాలి. గోల్ పడిందని జనం అరిచే అరుపును బట్టి తెలుసుకోవాలి. అయినా మళ్లీ మర్నాడు వచ్చారు. 2024 జనవరిలో అక్కడే ఏషియన్ కప్ జరిగితే వాలంటీర్లకు మళ్లీ కొరత రాలేదు.

రేపు నేనెక్కడ నిలబడాలి?

ఆ కార్యక్రమం నడిచిన తీరును దగ్గరగా చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. వెస్ట్ బేలోని దోహా ఎగ్జిబిషన్ అండ్ కన్వెన్షన్ సెంటర్‌లో వాలంటీర్ సెంటర్ పెట్టారు. దరఖాస్తు ఆన్‌లైన్‌లో. తరవాత ఇంటర్వ్యూ. ఆ ఇంటర్వ్యూలు చేసినవాళ్లలో చాలామంది కూడా వాలంటీర్లే. అందరికన్నా ముందు విడతలో తీసుకుని, ‘పయనీర్లు’ అని పేరుపెట్టి, మిగతావాళ్లను ఎంచే పని వాళ్లకు అప్పగించారు. జీతం లేకుండా పనిచేయడానికి వచ్చినవాడి చేతిలో, ఇంకొకడిని తీసుకోవాలా వద్దా అనే నిర్ణయం పెట్టారు. నన్నడిగితే ఆ మొత్తం ఏర్పాటులో ఇదే గట్టి ఆలోచన.

ఎంపికయ్యాక ఏ విభాగంలో ఏ పని అన్నది రాతపూర్వకంగా చెప్పారు. తరవాత శిక్షణ ఇచ్చారు. యూనిఫాం ఇచ్చారు. షిఫ్టు రోజున భోజనం పెట్టారు. ముఖ్యంగా, ముందురోజు రాత్రి పడుకునేటప్పటికే ఒక ఇరవై ఏళ్ల అమ్మాయికి రేపు తను ఏ గేటు దగ్గర నిలబడాలో, ఎన్నింటికి వెళ్లాలో, ఎన్నింటికి ఇంటికి రావచ్చో, ఏదైనా తేడా వస్తే ఎవరికి చెప్పాలో తెలుసు.

మన సంఘాల పిలుపు ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకోండి. ‘శుక్రవారం ప్రోగ్రామ్ ఉంది, పొద్దున్నే వచ్చేయమ్మా, ఏదో ఒక పని ఉంటుంది.’ వస్తారు. రెండు గంటలు ఎవరూ ఏమీ చెప్పరు. తరవాత ఒక అంకుల్ నీళ్ల సీసాలు పంచమంటారు, ఇంకొక అంకుల్ అవి ఇప్పుడే ఎందుకు పంచావంటారు. రాత్రి పదింటికి కూడా ఎప్పుడు వెళ్లొచ్చో తెలియదు. వేదిక మీద శాలువాలన్నీ అయిపోయాక, చివర్లో ‘మన యూత్‌కి చప్పట్లు’ అంటారు. ఆ పిల్ల రెండోసారి రాకపోతే తప్పు ఆమెది కాదు. పిలిచిన మనం పనేమిటో ఆలోచించి పెట్టుకోలేదు.

డబ్బుంటే ఎవరైనా అలా నడుపుతారని అనుకోవడం సులువు. యూనిఫాంకు డబ్బు కావాలి, నిజమే. కానీ రేపటి పని, సమయం, అడగాల్సిన మనిషి పేరు... ఈ మూడూ ఒక కాగితం మీద రాసివ్వడానికి రియాలు ఖర్చు కాదు.

కాకినాడలో ఒక పద్నాలుగేళ్ల పిల్ల

దీనికోసం ఫిఫా దాకా వెళ్లక్కర్లేదు కూడా. 1923లో కాకినాడలో కాంగ్రెస్ మహాసభలు జరిగాయి. అక్కడి ఖాదీ ప్రదర్శన దగ్గర దుర్గాబాయి అనే రాజమండ్రి పిల్ల వాలంటీరు. వయసు పద్నాలుగు. టికెట్ లేనివాళ్లను లోపలికి వదలకూడదన్నది ఆమెకు అప్పగించిన పని. జవాహర్‌లాల్ నెహ్రూ వచ్చారు. టికెట్ లేదు. ఆపేసింది. నిర్వాహకులు కంగారుపడి టికెట్ కొనిచ్చాకే లోపలికి పంపింది. నెహ్రూ ఆమె కర్తవ్య నిష్ఠను మెచ్చుకున్నారు.

ఈ కథను మనం దుర్గాబాయి ధైర్యం గురించి చెప్పుకుంటాం. అందులో ఆమెకు పని అప్పగించినవాళ్ల గొప్పదనమూ ఉంది. పద్నాలుగేళ్ల పిల్లకు పని ఇచ్చారు, హద్దు చెప్పారు, ఆ హద్దు లోపల ఆమె మాటే చెల్లుతుందన్నారు. అంతటి నాయకుడిని ఆపినా ‘చిన్నపిల్ల, తెలియదు’ అని పక్కకు లాగేయలేదు, టికెట్ కొన్నారు. ఆ పిల్లే 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభను స్థాపించింది, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలైంది. సేవలోకి వచ్చిన మొదటి రోజుల్లోనే నిర్ణయం తీసుకునే హక్కు రుచి చూసిన మనిషి జీవితాంతం సేవలోనే ఉండిపోయింది.

ఖతార్‌లోనే ఇంకో ఉదాహరణ ఉంది. 2005లో ఖతార్ ఫౌండేషన్ ఆధ్వర్యంలో ‘రీచ్ అవుట్ టు ఏషియా’ అనే సంస్థ మొదలైంది. ఆసియా దేశాల్లో చదువులకు సాయం చేయడం దాని ఉద్దేశం. వాళ్లు బడుల్లో, కాలేజీల్లో సేవా క్లబ్బులు పెట్టించారు. ‘ఎంపవర్’ పేరుతో ఏటా జరిపిన యువజన సదస్సును రూపొందించే పనిలోనూ యువతకే చోటిచ్చారు. పెద్దలు రాసిన కార్యక్రమంలో పిల్లలు వేషం కట్టడానికీ, పిల్లలే కార్యక్రమం రాసుకోవడానికీ చాలా తేడా ఉంది.

ఖతార్‌లో మనకున్న అసలు పని

ఖతార్‌లో భారతీయులు 8 లక్షలకు పైనే. అక్కడి విదేశీయుల్లో అతి పెద్ద సమూహం. భారత రాయబార కార్యాలయం ఆధ్వర్యంలో 1984 నుంచి ఇండియన్ కమ్యూనిటీ బెనవలెంట్ ఫోరం, ఐసీబీఎఫ్, పనిచేస్తోంది. ఇండియన్ కల్చరల్ సెంటర్ కింద తెలుగు కళా సమితి, ఆంధ్ర కళా వేదిక లాంటి సంఘాలున్నాయి. తెలంగాణ వలస కార్మికుల కోసం పనిచేసే సంఘాలు వేరే ఉన్నాయి. ఉగాది, బతుకమ్మ, సంక్రాంతి వేడుకలు మనకు కనిపిస్తాయి. కనిపించని పని ఇంకొకటుంది.

జగిత్యాల జిల్లా నుంచో, నిజామాబాద్ నుంచో వచ్చిన ఒక కార్మికుడు లేబర్ క్యాంపులో నిద్రలోనే చనిపోయాడనుకోండి. ఆ మనిషిని ఊరికి చేర్చాలంటే ముందు పోలీసు విచారణ పూర్తవ్వాలి. హమద్ ఆసుపత్రి నుంచి మరణ ధ్రువపత్రం రావాలి. కంపెనీ వీసా రద్దు చేసి, రావలసిన జీతం లెక్క తేల్చాలి. రాయబార కార్యాలయంలో మరణాన్ని నమోదు చేయించి, పాస్‌పోర్టు రద్దు చేయించి, అనుమతి పత్రం తీసుకోవాలి. అప్పుడు విమానం కార్గోలో శంషాబాద్‌కు. అక్కడి నుంచి అంబులెన్సులో ఊరికి. ఈలోగా ఊళ్లో భార్యో, తండ్రో రోజుకు పదిసార్లు ఫోన్ చేస్తుంటారు. వాళ్లకు కావలసింది ఒక్కటే, శవం ఎప్పుడొస్తుందో తెలుగులో చెప్పే మనిషి. తరవాత కూడా పని ఉంటుంది. గల్ఫ్‌లో 2023 డిసెంబరు 7 తరవాత చనిపోయిన కార్మికుల కుటుంబాలకు రూ.5 లక్షల సాయం ఇస్తామని తెలంగాణ ప్రభుత్వం 2024లో ఉత్తర్వులిచ్చింది. దానికి కాగితాలు కావాలి. ఆ కాగితాల్లో చాలావరకు పుట్టేది దోహాలోనే. అక్కడే నకళ్లు తీసి జాగ్రత్త చేయకపోతే ఆ కుటుంబం తరవాత ఆఫీసుల చుట్టూ తిరగాలి.

ఇదంతా ఇప్పుడు చేస్తున్నది కొద్దిమంది సీనియర్ సేవకులు. ఏ కిటికీ దగ్గర ఏ కాగితం అడుగుతారో, ఎవరికి ఏ వేళ ఫోన్ చేస్తే పని అవుతుందో వాళ్లకు కంఠతా తెలుసు. వాళ్ల తలలో ఉన్నది కాగితం మీదకు రాలేదు. వాళ్లు దేశం వదిలి వెళ్లినరోజు ఆ జ్ఞానమూ విమానం ఎక్కుతుంది. గల్ఫ్‌లో అందరూ ఏదో ఒకరోజు వెళ్లిపోయేవాళ్లే కదా!

ఇక్కడ ఒక ఇరవై రెండేళ్ల యువకుడు చేయగలిగింది బోలెడుంది. దోహాలో పెరిగి, బడిలో కాస్తో కూస్తో అరబిక్ నేర్చుకున్న పిల్ల ఆసుపత్రిలో మాట కలపగలదు. ఫోన్‌లో ఒక చిన్న పట్టిక పెట్టుకుని ఏ కేసు ఏ కాగితం దగ్గర ఆగిందో రోజూ చూసే పని ఒక విద్యార్థి ఇంట్లో కూర్చుని చేయగలడు. సీనియర్ల అనుభవాన్ని వాళ్ల నోటి నుంచి విని, తెలుగులో పది పేజీల పుస్తకంగా రాసిపెట్టడం ఒక వేసవి సెలవుల పని. అయితే మరణవార్త మోసే పని పిల్లల మీద ఒంటరిగా పెట్టకూడదు. పక్కన పెద్ద మనిషి ఉండాలి, పని ముగిశాక కూర్చుని మాట్లాడాలి. చావు కాగితాలు తిప్పిన కుర్రాడికి ఆ రాత్రి నిద్ర పట్టకపోతే అది అతని బలహీనత కాదు.

యువత అంటే ఎవరు?

దోహాలో ‘తెలుగు యువత’ అనగానే మన కళ్ల ముందుకు వచ్చేది ఇంజినీరు గారి అబ్బాయి, డాక్టరు గారి అమ్మాయి. కార్యక్రమాలన్నీ వాళ్లను పిలవడం గురించే. ఖతార్‌లో ఉన్న తెలుగు యువతలో వాళ్లు చిన్న భాగం. ఇరవై నుంచి ముప్పై ఏళ్ల మధ్య తెలుగు కుర్రాళ్లు వేల సంఖ్యలో ఉండేది ఇండస్ట్రియల్ ఏరియాలో, ఏషియన్ టౌన్ చుట్టుపక్కల, అల్ ఖోర్ క్యాంపుల్లో. మన సేవా కార్యక్రమాల్లో వాళ్లు సాయం పొందేవాళ్ల వరసలోనే కనిపిస్తారు. వాలంటీరు చొక్కా వాళ్లకు ఎవరూ ఇవ్వరు. ఈ కథనంలో నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పదలుచుకున్నది ఇదే.

నిజానికి వాళ్లు ఇప్పటికే సేవకులు. పక్క మంచం మీద మనిషికి జ్వరమొస్తే మొదట తెలిసేది వాళ్లకే. గదిలో ఎవరు మూడు నెలలుగా ఇంటికి ఫోన్ చేయడం లేదో, ఎవరికి జీతం ఆగిందో, ఎవరు రాత్రిళ్లు మాట్లాడకుండా కూర్చుంటున్నారో తెలిసేదీ వాళ్లకే. 2020 మార్చి 17న కరోనా కారణంగా ఇండస్ట్రియల్ ఏరియాలో 1 నుంచి 32 దాకా వీధులను మూసేశారు. బయటివాళ్లు లోపలికి వెళ్లే వీల్లేదు. అప్పుడు ఏ గదిలో ఏముందో, ఏం నిండుకుందో తెలియాలంటే లోపలున్నవాళ్లు ఫోన్ చేసి చెప్పడమే దారి.

వైద్య శిబిరాల్లో, కాన్సులర్ క్యాంపుల్లో తెలుగు కార్మికులు అడిగేది తరచూ ఇలాగే ఉంటుంది: ‘తమ్మీ, గీ కాయితంల ఏం రాసిండ్రో జర సదివి చెప్పు.’ ఆ కాగితం చదివి పెట్టడానికి డిగ్రీ చదివిన కుర్రాడు కావాలి. అది అర్థమయ్యాక అదే క్యాంపులో ఇంకో నలభై మందికి చెప్పడానికి మాత్రం ఈ అడిగిన అన్నే కావాలి. ఖతార్‌లో ఉద్యోగం మారడానికి యజమాని నుంచి నిరభ్యంతర పత్రం తేవాల్సిన నిబంధన 2020లో పోయింది. 2021 మార్చి 20 నుంచి కనీస వేతనం 1,000 రియాళ్లు. వసతి, భోజనం కంపెనీ ఇవ్వకపోతే వాటికి 500, 300 అదనం. ఇవి తెలియని తెలుగు కార్మికులు ఇంకా ఉన్నారు. ఐసీబీఎఫ్ బీమా పథకంలో రెండేళ్లకు 125 రియాళ్లు కడితే, చనిపోయినప్పుడు కుటుంబానికి లక్ష రియాళ్లు అందే ఏర్పాటు చేశారు. బయటి నుంచి వెళ్లిన మనిషి మైకులో చెప్తే విని ఊరుకుంటారు. పక్క మంచం మీదివాడు చెప్తే పేరు రాయించుకుంటారు.

అందుకే ఏ సేవా కార్యక్రమమైనా రెండు చోట్ల, అటు కుటుంబాల మధ్యా ఇటు క్యాంపుల్లోనూ, పాదులు తీయాలి. సమావేశాలు వెస్ట్ బే హోటల్లో పెడితే, వెయ్యి రియాళ్ల జీతగాడు టాక్సీ కట్టుకుని రాలేడు. క్యాంపుకు దగ్గర్లో, అతనికి సెలవుండే శుక్రవారం, తెలుగులో పెట్టాలి. రాకపోకల ఖర్చు సంఘమే పెట్టుకోవాలి. వేసవిలో జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా పగలు పది నుంచి మూడున్నర వరకూ ఆరుబయట పని నిషేధమే ఉంది. ఆ నెలల్లో ఎవరినీ ఎండలో నిలబెట్టే కార్యక్రమం పెట్టకూడదు.

ఏళ్లు వద్దు, నెలలు అడగండి

దోహా పిల్లల జీవితం మన ఊళ్లలోలాగా ఒకచోట సాగదు. పన్నెండో తరగతి అవగానే చాలామంది హైదరాబాద్‌కో, విజయవాడకో, అమెరికాకో వెళ్లిపోతారు. 2021లో పుణె సావిత్రీబాయి ఫులే విశ్వవిద్యాలయం దోహాలో క్యాంపస్ తెరిచాక కొందరు అక్కడే ఉండి చదువుతున్నారు. కొడుక్కి పాతికేళ్లు దాటితే తండ్రి వీసా మీద ఉండటం కుదరదు. ఉద్యోగాలు రెండేళ్ల ఒప్పందాలు. ఇలాంటి చోట ‘కార్యవర్గంలో చేరి రెండేళ్లు పనిచెయ్’ అంటే ఎవరు సరేనంటారు? ‘మూడు నెలలు, వారానికి మూడు గంటలు, పని ఇదీ’ అంటే వస్తారు. ప్రపంచ కప్‌కు అంతమంది రావడానికి, 2022 డిసెంబరు 18తో పని ముగుస్తుందని అందరికీ ముందే తెలియడం కూడా ఒక కారణమని నా నమ్మకం.

వచ్చినవాళ్లకు ఏదో ఒకటి కావాలనుకోవడాన్ని మన పెద్దలు తప్పుగా చూస్తారు. ‘సర్టిఫికెట్ కోసం వచ్చాడు’ అంటారు. గిల్ క్లేరీ, మార్క్ స్నైడర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు తోటివారితో కలిసి 1998లో ప్రచురించిన అధ్యయనంలో, మనుషులు స్వచ్ఛంద సేవకు రావడానికి ఆరు రకాల కారణాలు గుర్తించారు. సాటి మనిషి మీద ప్రేమ ఒకటి. కొత్త విషయం నేర్చుకోవడం, స్నేహాలు, ఉద్యోగానికి ఉపయోగం, మనసులోని బరువు దించుకోవడం, తన మీద తనకు గౌరవం పెరగడం మిగిలినవి. తను వచ్చిన కారణం నెరవేరినవాడే నిలుస్తాడని వాళ్ల వాదన. కాబట్టి సర్టిఫికెట్ అడిగితే సంతోషంగా ఇవ్వండి. ‘సేవా కార్యక్రమాల్లో పాల్గొన్నారు’ అని కాకుండా, ‘పదకొండు కుటుంబాల కాగితాల పురోగతిని మూడు నెలలు చూసుకున్నారు’ అని ఉన్నది ఉన్నట్టు రాసివ్వండి. కాలేజీలో చూపించినా, ఉద్యోగంలో చూపించినా విలువ ఉండేది అలాంటి కాగితానికే.

ఒక జాగ్రత్త తప్పనిసరి. ఖతార్‌లో అనుమతి లేకుండా విరాళాలు వసూలు చేయడం నేరం. దానిపై ప్రత్యేక నియంత్రణ సంస్థ ఉంది. ఉత్సాహంలో ఒక కుర్రాడు వాట్సాప్‌లో డబ్బు పోగుచేస్తే చిక్కుల్లో పడేది అతనే. గుర్తింపు ఉన్న సంఘం నీడలో, రాతలో ఉన్న నిబంధనలతోనే పని జరగాలి. ఈ సంగతి మొదటి రోజు శిక్షణలోనే చెప్పాలి. పద్దెనిమిది నిండని పిల్లలైతే తల్లిదండ్రుల సంతకం లేకుండా తీసుకోకూడదు.

పెద్దలు పక్కకు తప్పుకోవాలని నేను అనడం లేదు. వాళ్ల పరిచయాలు, ఓర్పు లేకపోతే ఇందులో ఏదీ కదలదు. చేయాల్సిందల్లా నిర్ణయంలో వాటా ఇవ్వడం. రక్తదాన శిబిరం తేదీ, చోటు, ప్రచారం, ఖర్చు మొత్తం ఐదుగురు యువకులకు ఇచ్చి, వాళ్లు పెట్టిన తేదీ మనకు నచ్చకపోయినా అలాగే కానివ్వడం. ఒకసారి జనం తక్కువ వస్తారు. రానివ్వండి. రెండోసారి ఎక్కడ తప్పిందో వాళ్లే చూసుకుంటారు.

2030లో ఆసియా క్రీడలు దోహాలో జరుగుతాయి. మళ్లీ వాలంటీర్లు కావాలంటూ పిలుపు వస్తుంది, మళ్లీ మన పిల్లలు వరస కడతారు. అంతలోగా ఖతార్‌లోని తెలుగు సంఘాల కార్యవర్గాలకు ఒక విన్నపం. వచ్చే సర్వసభ్య సమావేశంలో మీ సంఘం చేసే సేవల్లో ఒకదాన్ని, దాని బడ్జెట్‌తో సహా, ముప్పై ఏళ్లలోపు ఐదుగురికి ఆరు నెలల పాటు అప్పగించండి. ఆ ఐదుగురిలో కనీసం ఇద్దరు క్యాంపుల నుంచి రావాలి. పని ఏమిటో, ఎంతవరకు నిర్ణయం వాళ్లదో ఒక కాగితం మీద రాసి, అధ్యక్షులు సంతకం చేసి వాళ్ల చేతికివ్వండి.